సంతకం పెట్టే ముందు గోదాములోకి వెళ్లు

చిరంజీవి మనవరాలికి,

తాతయ్య ఆశీస్సులు. చెన్నై పరంగిమలై ఆఫీసర్ల శిక్షణ అకాడమీ కవాతు మైదానంలో మీ అమ్మా నాన్నా నీ భుజాలకు రెండేసి నక్షత్రాలు తగిలిస్తున్న ఫోటో అందింది. మీ అమ్మమ్మ దాన్ని పాలవాడికి, కూరగాయల బండి అతనికి కూడా చూపించిందట. నా చెల్లెలు కదా, నేనేమీ ఆశ్చర్యపోలేదు. కానీ ఆ సాయంత్రం ఫోనులో నీ గొంతు మరోలా ఉంది. "ఆర్మీ సర్వీస్ కోర్ వచ్చింది తాతయ్యా" అన్నావు, పరీక్ష తప్పిన పిల్లలా. ఒక స్నేహితురాలికి సిగ్నల్స్ వచ్చిందట, ఇంకొకరికి ఎయిర్ డిఫెన్స్ వచ్చిందట. "49 వారాలు తాళ్లెక్కి, గోడలు దూకి, చివరికి బియ్యం బస్తాలు లెక్కపెట్టుకోవాలా?" అని అడిగావు.

తల్లీ, సైన్యానికి తిండీ ఇంధనమూ చేర్చే ఆ కోర్‌లో బస్తాలు లెక్కపెట్టడమే నా ఉద్యోగం. 1976లో డెహ్రాడూన్ సైనిక అకాడమీ నుంచి బయటికి వచ్చింది మొదలు కర్నల్‌గా దిగిపోయేదాకా అదే చేశాను. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివే రోజుల్లో నేనూ ట్యాంకు మీద నిలబడి ఫోటో దిగాలని కలలు కన్నవాణ్ణే. సెలవుల్లో ఊరికి వెళితే అరుగు మీద కూర్చున్నవాళ్లు "ఎంతమందిని కాల్చావురా?" అని అడిగేవారు. ఒక్కరినీ కాల్చలేదు, వేలమందికి అన్నం పెట్టాను అంటే వాళ్ల మొహాలు వాడిపోయేవి. కాసేపటికి కబుర్లు వేరుశనగ ధర మీదికి మళ్లేవి. నిన్ను ఓదార్చడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. బెంగళూరులో కోర్సు ముగించి లడఖ్ వైపు వెళ్తున్నావు కాబట్టి, అక్కడ ఈ పని ఎలా చేయాలో నాకు తెలిసింది చెబుదామని రాస్తున్నాను. మా రోజుల్లో ఆ కోర్సు బరేలీలో ఉండేది. అక్కడ నేర్పేవన్నీ పనికొస్తాయి. అక్కడ నేర్పనివి మాత్రమే ఇక్కడ రాస్తాను.

ముందు నీ పని ఎందుకంత బరువైనదో లడఖ్ పటం చూస్తే తెలుస్తుంది. లేహ్‌కు రోడ్లు ప్రధానంగా రెండు. ఒకటి శ్రీనగర్ నుంచి జోజీ లా, ద్రాస్, కార్గిల్ మీదుగా వెళుతుంది. రెండోది మనాలీ నుంచి. మొదటి దారిలో అన్నిటికన్నా ఎత్తయిన కనుమ ఫోటు లా, 4,108 మీటర్లు. జోజీ లా అంతకన్నా తక్కువే, 3,528 మీటర్లు. అయినా ఏళ్ల తరబడి మమ్మల్ని ఏడిపించింది జోజీ లానే, ఎందుకంటే కశ్మీర్ వైపు తేమంతా అక్కడే మంచుగా కురుస్తుంది. మా కాలంలో నవంబరులో మూతపడితే ఏప్రిల్, మే దాకా తెరుచుకునేది కాదు. ఇప్పుడు సరిహద్దు రహదారుల సంస్థ వాళ్లు చాలా ముందే మంచు తవ్వి దారి తెరుస్తున్నారు. మనాలీ వైపు 2020లో 9 కిలోమీటర్ల అటల్ సొరంగం వచ్చింది. రోహ్‌తాంగ్ బాధ తప్పింది గానీ బారాలాచా లా, తంగ్‌లాంగ్ లా ఎక్కడికీ పోలేదు. విమానాలున్నాయి కదా అంటావు. ఉన్నాయి. కానీ కిరోసిన్, పిండి, బొగ్గు, గుడారాలు, మేకులు మొత్తం విమానాల్లో తేవాలంటే ఏ ఖజానా చాలదు.

అందుకని వేసవి నాలుగైదు నెలల్లోనే చలికాలపు సరుకంతా పైకి చేర్చాలి. రోడ్డు మూసేసరికి లోపలికి రానిది ఫిబ్రవరిలో లేనట్టే. లెక్క పుస్తకంలో రాసిన పిండి బస్తా గోదాములో లేకపోతే, 15,000 అడుగుల మీద మంచు గూటిలో ఉన్న ఎనిమిదిమంది కుర్రాళ్లకు ఒక పూట రొట్టె ఉండదు. పక్క అంగడికి వెళ్లి తెచ్చుకునే వీల్లేదు. 2020 జూన్ 15న గల్వాన్‌లో మా కోరుకొండ స్కూలు వాడే, సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు నేలకొరిగిన తర్వాత లడఖ్‌కు వేలాది మందిని అదనంగా పంపించారు. వాళ్లందరూ ఆ చలికాలం అక్కడ నిలబడగలిగారంటే, అంతకు ముందు నెలల్లో ఎవరో పగలూ రాత్రీ లారీలు నడిపారు, బస్తాలు లెక్కపెట్టారు. టీవీలో వాళ్లు కనపడలేదు.

ఇక అసలు సంగతి. నువ్వు చేరిన వారంలోనే నీ ముందు కాగితాలు పెడతారు. ఫలానా సరుకు ఇంత ఉంది, సరిచూశాను, సరిగా ఉంది, సంతకం. హవల్దార్ క్లర్కు వేలు పెట్టి చూపిస్తాడు, ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ. చాలా మర్యాదగా, టీతో సహా. అతను చెడ్డవాడని కాదు. నీకు ముందు వచ్చిన చాలామంది అక్కడే కూర్చుని సంతకం పెట్టి ఉంటారు, అందుకే నీ నుంచీ అదే ఆశిస్తాడు. నువ్వు మాత్రం లేచి గోదాములోకి వెళ్లు. అన్నీ లెక్కపెట్టడం కుదరదు. ఏ మూల చూస్తావో వాళ్లకు ముందుగా తెలియకుండా ఉంటే చాలు. తలుపు దగ్గరి వరస అందరూ చూస్తారు. నువ్వు వెనక వరస కింది బస్తా తీయించు. కాటా మీద పెట్టించే ముందు కాటా సరిగా ఉందో లేదో తెలిసిన బరువుతో చూడు. బస్తా మీద తేదీ చదువు. పాతది ముందు వాడాలని అందరికీ తెలుసు. కొత్తది చేతికందే చోట ఉంటుంది గనక కొత్తదే ముందు వెళ్లిపోతుంది, పాతది వెనక పురుగు పడుతుంది.

నాతో పనిచేసిన ఒక కుర్ర కెప్టెన్ ఉండేవాడు. మంచివాడు, గుర్రపు స్వారీలో దిట్ట. చక్కెర నిల్వ ఏటా కొద్దిగా ఎక్కువ తేలుతోందని మెచ్చుకుని సంతకం పెట్టాడు. తక్కువ తేలితే దొంగతనం, ఎక్కువ తేలితే లాభం అనుకున్నాడు. గోదాములో చక్కెర బస్తాల మధ్య రాత్రంతా నీళ్ల బక్కెట్లు పెడుతున్నారన్న సంగతి అతనికి విచారణలో గాని తెలియలేదు. చక్కెర తేమ పీల్చుకుని బరువెక్కుతుంది. పెరిగిన మేరకు బయటికి పోతుంది. పుస్తకంలో లెక్క సరిపోతుంది, జవాను టీలో మాత్రం తీపి తగ్గుతుంది. అతను ఒక్క రూపాయి తినలేదు. అయినా శిక్ష పత్రం మీద మొదటి పేరు అతనిదే, ఎందుకంటే సంతకం అతనిది. కాబట్టి చక్కెర గోదాములోకి వెళ్లగానే నేల చూడు. గుండ్రటి తడి మచ్చలు ఉన్నాయేమో చూడు.

ఇంధనం సంగతి ఇంకాస్త సూక్ష్మం. డీజిల్ చలికి కుంచించుకుపోతుంది. పఠాన్‌కోట్‌లో 40 డిగ్రీల ఎండలో 12,000 లీటర్లు నింపిన ట్యాంకరు లేహ్ చేరేసరికి అక్కడ 10 డిగ్రీలు ఉంటే, సుమారు 300 లీటర్లు తక్కువ కనపడుతుంది. ఒక్క చుక్క కారకపోయినా సరే. ఇది తెలియని ఆఫీసరు డ్రైవరును దొంగ అంటాడు. సగం తెలిసిన ఆఫీసరు "చలికి తగ్గింది సాబ్" అనగానే తల ఊపుతాడు, ఆ మాట చాటున 300 కాస్తా 500 అవుతుంది. నువ్వు థర్మామీటరు, సాంద్రత కొలిచే గాజు హైడ్రోమీటరు తెప్పించుకో. ట్యాంకరు రాగానే నీ చేత్తో కొలిచి, పట్టిక చూసి, అక్కడే డ్రైవరు ముందే లెక్క కట్టు. నెల తిరిగేసరికి ఈ కొత్త మేడమ్ కొలుస్తుందన్న సంగతి పఠాన్‌కోట్ దాకా పాకుతుంది. ఆ తర్వాత కొలవాల్సిన అవసరం సగం తగ్గుతుంది. అయినా కొలవడం మానకు.

వంటశాలలోకి, అదే లంగర్‌లోకి, చెప్పకుండా వెళ్లు. పప్పు రుచి చూడు. అన్నం నలిపి చూడు. లేహ్ ఎత్తులో నీళ్లు 88 డిగ్రీలకే మరుగుతాయి, 17,000 అడుగుల మీద 83 దగ్గరే. మామూలు గిన్నెలో ఎంతసేపు మరిగినా పప్పు ఉడకదు. ప్రెషర్ కుక్కరు రబ్బరు పోతే కింద నుంచి వచ్చేదాకా పై పికెట్‌లో, అదే కొండ మీది కాపలా స్థావరంలో, ఆ కుర్రాళ్లు పలుకు పప్పు తింటారు. ఆ రబ్బరు ఖరీదు ఎంత? ఎవరూ ఇండెంట్, అదే సరుకు కావాలని కోరే కాగితం, రాయలేదు, అంతే. నీ దగ్గర చిన్న పుస్తకం ఒకటి ఉంచుకుని ఇలాంటివి రాసుకో. పెద్ద సరుకుల గురించి పైవాళ్లందరూ అడుగుతారు. కుక్కరు రబ్బర్లు, స్టవ్వు పిన్నులు, జెర్రీక్యాన్ మూతల గురించి అడిగేది నువ్వొక్కదానివే అవుతావు.

కాంట్రాక్టర్ల గురించి ఒక్క మాట. దీపావళికి మిఠాయి డబ్బా వస్తుంది. నవ్వుతూ తిప్పి పంపు, మొదటి ఏడాదే పంపు. మొదటి ఏడాది తీసుకుని రెండో ఏడాది వద్దంటే అది గొడవ అవుతుంది. మాంసం, పాలు, కూరగాయలు తెచ్చిన రోజు నాణ్యత బాగా లేకపోతే వెనక్కి పంపించే హక్కు నీకుంది. "ఇవాళ్టికి సర్దుకోండి మేడమ్, జవాన్లు పస్తుంటారు" అంటారు. పస్తుండరు, నిల్వలో డబ్బా సరుకు ఉంటుంది. ఆ రోజుకు అది తీయించు. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి మంచి కూర వస్తుంది.

ఇదంతా చదివి నువ్వు తాళాల గుత్తి పట్టుకుని తిరిగే అత్తగారిలా తయారవుతావేమోనని భయం వేస్తోంది. అలా వద్దు. సుబేదార్ సాబ్ ఒకరు నీకు ఉంటారు. నువ్వు పుట్టక ముందే కాన్వాయ్‌లు నడిపిన మనిషి అయి ఉంటారు. ఆయనను సాబ్ అనే పిలువు, ఆయన వచ్చినప్పుడు కుర్చీ చూపించు, తెలియనిది అడుగు. అడగడానికి సిగ్గుపడే లెఫ్టినెంట్‌ను ఆయన మొదటి రోజే పసిగడతారు. అడిగి, విని, ఆపై నిర్ణయం మాత్రం నువ్వే చెప్పు. "సుబేదార్ సాబ్ చెప్పారు కాబట్టి" అని ఎప్పుడూ అనకు. తప్పయితే అది నీ తప్పు, ఒప్పయితే నలుగురి ముందు ఆయన పేరు చెప్పు. ఆయన మాటను కాదనాల్సి వస్తే జవాన్ల ముందు వద్దు. గదిలోకి పిలిచి, టీ ఇచ్చి చెప్పు.

నీ కింద డ్రైవర్లు ఉంటారు. నా లెక్క ప్రకారం మన కోర్‌లో అసలు సైనికుడు డ్రైవరే. నేను చేరినప్పుడు జబల్‌పూర్ ఫ్యాక్టరీలో చేసిన శక్తిమాన్ లారీలుండేవి. చలికి పొద్దున స్టార్ట్ కాకపోతే ఇంజన్ కింద మంట పెట్టాలని చూసేవారు. ఇప్పుడు బండ్లు మెరుగయ్యాయి, ఆ అలవాటు మాత్రం అక్కడక్కడా మిగిలి ఉందని విన్నాను. చూస్తే వెంటనే ఆపు. కాన్వాయ్ బయలుదేరే ముందు టైర్లు, బ్రేకులు, గొలుసులు చూసేవాళ్లు వేరే ఉంటారు. నువ్వు మనుషులను చూడు. రాత్రి పడుకున్నాడా? ఇంటికి ఫోను చేశాడా? ఏమన్నారు? జోజీ లా దగ్గర ఒక పక్క కొండ, ఇంకో పక్క వందల అడుగుల లోయ. తమ్ముడు పొలం గట్టు జరిపేశాడన్న సంగతి తలలో తిరుగుతున్నవాడి చేతికి స్టీరింగు ఇవ్వకు. సహ డ్రైవరును కూర్చోబెట్టి అతనికి ఆ రోజు వేరే పని చెప్పు.

ఆ పొలం గట్టు సంగతి కూడా వదిలేయకు. జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. అందులో సగం తహసీల్దారు ఆఫీసు వరండాలో గడుస్తుంది. అతని సమస్య విని, జిల్లా కలెక్టరుకు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి కమాండింగ్ ఆఫీసరు సంతకంతో ఉత్తరం వెళ్లేలా చూడు. ఉత్తరంలో సర్వే నంబరు, గ్రామం, మండలం, ఎవరితో తగాదా అన్నీ స్పష్టంగా ఉండాలి. "తగిన చర్య తీసుకోగలరు" అని రెండు వాక్యాలు రాసి పంపితే అది చెత్తబుట్టలోకే పోతుంది. మూడు వారాలకు జవాబు రాకపోతే మళ్లీ రాయి. వందలో అరవై పనులు అవుతాయి, నలభై కావు. కాకపోయినా తన కోసం రెండుసార్లు రాసిన ఆఫీసరును ఆ మనిషి మరచిపోడు. సెలవు పట్టిక విషయంలోనూ అంతే. పెళ్లికి, చావుకి, కోతలకి ఎవరికి ఎప్పుడు కావాలో వేసవి రాకముందే అడిగి రాసుకో. సరుకు మోసే రోజుల్లో సెలవు కాదనక తప్పదు. కాదన్న కారణం అతనికి నువ్వే స్వయంగా చెప్పు, క్లర్కుతో చెప్పించకు.

1999 వేసవి గురించి, ఆ కార్గిల్ యుద్ధం గురించి నువ్వు ఎన్నోసార్లు అడిగావు, నేను ఎప్పుడూ సరిగా చెప్పలేదు. ద్రాస్ దగ్గర రోడ్డంతా తోలోలింగ్ శిఖరం మీద ఉన్న శత్రువుకు కనపడేది. పగలు లారీ కదిలితే ఫిరంగి గుళ్లు పడేవి. అందుకని రాత్రిళ్లు, హెడ్‌లైట్లు ఆర్పి నడిపేవాళ్లం. మన సైనిక లారీ వెనక ఇరుసు మధ్య గుండ్రటి భాగం ఉంటుంది చూడు, దానికి తెల్ల రంగు వేసి, పైన కిందికి మాత్రమే వెలుతురు పడేలా చిన్న దీపం ఒకటి పెడతారు. వెనక డ్రైవరు ఆ తెల్లటి మచ్చ ఒక్కటి చూస్తూ నడుపుతాడు. అది చిన్నదైతే దూరమయ్యాడు, పెద్దదైతే దగ్గరయ్యాడు. అదే లెక్క. పక్కన లోయ ఉందని తెలుసు, కనపడదు. అలా రాత్రంతా. లోపల ఫిరంగి గుళ్లు. బోఫోర్స్ గుండు ఒక్కోటి 40 కిలోల పైమాటే. ఆ యుద్ధంలో మన ఫిరంగులు పేల్చిన గుళ్లు, బాంబులు, రాకెట్లు కలిపి రెండున్నర లక్షల దాకా ఉంటాయని అంటారు. వాటిలో ప్రతి ఒక్కటీ ఏదో ఒక లారీ ఎక్కి దిగినదే.

జూన్ 13న తోలోలింగ్ మన చేతికి వచ్చాక రోడ్డు కాస్త ఊపిరి పీల్చుకుంది. ఆ నెల 28న పక్క శిఖరం మీద హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య ప్రాణాలిచ్చాడు, మహావీర చక్ర ఇచ్చారు. ఆ నిటారు కొండలెక్కిన కుర్రాళ్లు తిండి తగ్గించుకుని ఆ బరువుకు తూటాలు ఎక్కువ పెట్టుకున్నారు. అది విన్నప్పటి నుంచి పై పికెట్లకు వెళ్లే ప్రతి మూటనూ నేను చేత్తో ఎత్తి చూసేవాణ్ణి. పైన విప్పి పారేసే అట్టపెట్టె బరువు కింద ఎందుకు తీసేయలేదని అడిగేవాణ్ణి. నువ్వూ అడుగు. నీ కింద కంచరగాడిదలుంటే వాటి వీపు మీద జీను రాసుకున్న పుండ్లున్నాయేమో చేత్తో తడిమి చూడు. వాటినీ తక్కువగా చూడకు. 1971 యుద్ధంలో శత్రువుకు చిక్కి, వీపు మీద మెషిన్‌గన్‌తో మన వైపు నడిచి వచ్చేసిన పెడోంగీ మన కోర్ కంచరగాడిదే. తర్వాత దానికి నీలం ముఖమల్ దుప్పటి కప్పి సన్మానం చేశారు. నాకైతే ఎవరూ కప్పలేదు.

ఇప్పుడు నీ ఒంటి గురించి. లేహ్‌లో విమానం దిగగానే ఎండ, ఆకాశం చూసి ఉత్సాహం వస్తుంది. ఆ ఉత్సాహమే ప్రమాదం. 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య మొదట ఆరు రోజులు, ఆపై 15,000 దాకా మరో నాలుగు, అంతకు పైన ఇంకో నాలుగు రోజులు శరీరాన్ని అలవాటు చేయాలన్నది నియమం. మొదటి రెండు రోజులు పూర్తిగా విశ్రాంతి. నీ పరుగు పందెం పతకాలు అక్కడ చెల్లవు. నిజానికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి తెచ్చుకునేది ఎక్కువగా బలమైన కుర్రాళ్లే, తమకేమీ కాదనుకుని మెట్లు పరుగెత్తేవాళ్లు. పొడి దగ్గు, కూర్చున్నా ఆయాసం, గులాబీ రంగు నురగ తెమడ. ఇవి కనపడితే పొద్దున చూద్దాం అనకూడదు. ఆక్సిజన్ పెట్టి ఆ రాత్రే కిందికి దించాలి. నీకు తలనొప్పిగా ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పు. నువ్వు దాస్తే నీ జవాన్లూ దాస్తారు.

గది వేడికి బుఖారీ ఉంటుంది, కిరోసిన్‌తో మండేది. పడుకునే ముందు ఆర్పేయాలి, వెలుతురు కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి. ఎంత చలి అయినా సరే. దాని పొగలోని విషవాయువుకు వాసన ఉండదు. నిద్రలోనే పోతారు. రాత్రి పదకొండింటికి కోటు తొడుక్కుని నీ మనుషులుండే బారక్‌లు ఒకసారి తిరిగి రా. చలికాలంలో ఏ ఆఫీసరు చేసే పనుల్లోనైనా దీన్నే నేను అన్నిటికన్నా పైన పెడతాను. విసుక్కుంటారు, మంట ఆర్పగానే మళ్లీ వెలిగిస్తారు. మళ్లీ వెళ్లు.

తెలుగు కుర్రాళ్లు నిన్ను వెతుక్కుంటూ వస్తారు. శ్రీకాకుళం వాడు, ప్రకాశం వాడు, కరీంనగర్ వాడు. నెలల తర్వాత ఆఫీసరు నోట మన భాష వింటే వాళ్ల కళ్లు మెరుస్తాయి. హాయిగా మాట్లాడు, ఊరి పేరు అడుగు, పచ్చడి వస్తే పంచు. కానీ సెలవు దగ్గర, డ్యూటీ దగ్గర, శిక్ష దగ్గర మాత్రం వాళ్లకు ఒక్క మెతుకు ఎక్కువ పెట్టకు. హర్యానా వాడు, బిహార్ వాడు, తమిళుడు అందరూ గమనిస్తూనే ఉంటారు. నీ హిందీలో లింగాలు తప్పుతాయని ఫోనులో బెంగపడ్డావు. నావి చివరిదాకా తప్పాయి. వాళ్లు నవ్వుకున్నారు, పని ఆగలేదు.

ఆడపిల్లగా నీకు ఎదురయ్యేవి నేను చెప్పలేను. చెబితే అది గొప్పలకు పోవడమే అవుతుంది. 1992లో మీ అకాడమీలో ఆడపిల్లల తొలి జట్టు చేరినప్పుడు మా మెస్సులో ఎన్ని నెలలు నిలుస్తారోనని పందేలు కాసినవాళ్లున్నారు. పందెం కాసినవాళ్లు పెన్షన్లకు వచ్చేశారు. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పుతో ఆ పిల్లలకు శాశ్వత కమిషన్, అంటే రిటైరయ్యేదాకా కొలువులో ఉండే దారి, తెరుచుకుంది. నీకు ముందు వెళ్లినవాళ్లలో ఒకరిద్దరితో పరిచయం పెంచుకో. ఏ మాటకు నవ్వి ఊరుకోవాలో, ఏ మాటకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలో వాళ్లు చెప్పగలరు.

ప్రమోషన్ల సంగతి ఇప్పుడు నీకెందుకు గానీ, అడిగావు కాబట్టి చెబుతున్నాను. రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజర్, 13 ఏళ్లకు లెఫ్టినెంట్ కర్నల్. ఇక్కడి దాకా పరీక్షలు రాసి, మచ్చ లేకుండా ఉంటే వచ్చేస్తాయి. ఆ పైన కర్నల్‌కు బోర్డు కూర్చుని ఏరుతుంది. మా కాలంలో లెఫ్టినెంట్ కర్నల్‌కే ఏరేవారు. 2004 డిసెంబరు నుంచి ఆ పద్ధతి మారింది. ఏరివేతలో పక్కకు పోయిన మంచి ఆఫీసర్లను చాలామందిని చూశాను. ఆ తర్వాత కొందరు పని మానేసి గోల్ఫ్ మొదలుపెట్టారు, కొందరు అంతకు ముందులాగే తెల్లారి గోదాములకు వెళ్లారు. పదేళ్ల తర్వాత ఉండాలా, వెళ్లిపోవాలా అని అడుగుతారు, ఇంకో నాలుగేళ్లు పొడిగించుకోవచ్చు కూడా. అప్పుడు మళ్లీ ఉత్తరం రాస్తాను, ఉంటే.

డబ్బు విషయం క్లుప్తంగా. ప్రావిడెంట్ ఫండ్‌లో జీతం నుంచి కొంచెం ఎక్కువే కోయించుకో. మొదటి ఏడాది కారు కొనకు. సికింద్రాబాద్‌లో చౌకగా ప్లాటు ఉందని ఎవరైనా ఫోను చేస్తే నా నంబరు ఇవ్వు, నేను మాట్లాడతాను. మీ అమ్మ సంబంధాల గురించి ఎత్తితే మీ అమ్మమ్మకు ఫోను ఇవ్వు, ఆ యుద్ధం వాళ్లిద్దరూ చూసుకుంటారు.

ఉన్ని మేజోళ్లు ఇక్కడి నుంచి కొనుక్కుని వెళ్లకు, అక్కడ ఇచ్చేవే మంచివి. నల్ల కళ్లద్దాలు మాత్రం నాణ్యమైనవి కొనుక్కో, మంచు మీది ఎండకు కళ్లు పోతాయి. బయలుదేరే ముందు చెన్నైలోనో బెంగళూరులోనో మిలిటరీ ఆసుపత్రిలో పళ్లు చూపించుకో. కింద రెండేళ్లుగా ఊరికే ఉన్న పుచ్చు పన్ను కూడా ఆ ఎత్తులో, రోడ్డు మూసుకున్నాక, సరిగ్గా పండగ రోజున లేస్తుంది. కుడివైపు దవడ పన్ను ఒకటి నొప్పి అని సంక్రాంతికి అన్నావు, దాన్ని ముందు చూపించు. యూనిట్ పేరు, 56 ఏపీఓ (సైనిక తపాలా) చిరునామా ఖరారు కాగానే పంపించు.

ఇట్లు,
తాతయ్య
సైనిక్‌పురి, సికింద్రాబాద్